ముల్లున్న రోజులు

మా రోజుల్లో కారు బానెట్ ఎత్తితే ఇంజన్ కనిపించేది. ఇందులో చెప్పుకోవడానికి ఏముందంటారేమో, ఓసారి ఇవాళ్టి కారు బానెట్ ఎత్తి చూడండి. కంపెనీ పేరు అచ్చుపోసిన నల్ల ప్లాస్టిక్ మూత ఒకటి కనిపిస్తుంది. పక్కన ఇంకో ప్లాస్టిక్ డబ్బా, దాని మీదుగా మెలికలు తిరిగిన గొట్టాలు. చెయ్యి దూర్చబోతే మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. అంబాసిడర్‌లో ఇంజన్ పక్క నుంచి కిందకి చూస్తే రోడ్డు కనిపించేది. చేతిలోంచి జారిన నట్టు నేరుగా నేల మీద పడేది, వంగి తీసుకునేవాళ్లం. ఇప్పుడు జారిన నట్టు కింద బిగించిన ప్లాస్టిక్ రేకులో ఎక్కడో ఇరుక్కుని, బండి అమ్మేసే రోజు దాకా గలగలమంటూనే ఉంటుంది.

ముసలాడి చాదస్తం అనుకుంటే అనుకోండి, నేను మాత్రం చెప్పి తీరతాను.

అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారుకి మన దేశవాళీ రూపం. కలకత్తా పక్కన ఉత్తరపారాలో చేసేవాళ్లు. 2014 మే నెలలో అదీ ఆగిపోయింది. 1489 సీసీ పెట్రోలు ఇంజన్. దాన్ని చల్లబరిచే ఏర్పాటు మొత్తం కలిపి అరడజను వస్తువులు: రాగి, ఇత్తడితో చేసిన రేడియేటర్, పైనొకటి కిందొకటి రబ్బరు హోసులు, నీళ్ల పంపు, థర్మోస్టాట్ వాల్వ్, ఫ్యాను, వీటిని తిప్పడానికి ఒకే ఒక్క బెల్టు. ఆ బెల్టే డైనమోని కూడా తిప్పేది. అందుకని డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్ ఎర్రదీపం వెలిగితే కొత్త డ్రైవరు బ్యాటరీ సంగతేమో అనుకునేవాడు. తెలిసినవాడు వెంటనే బండి పక్కకి ఆపేవాడు. బెల్టు తెగిందంటే పంపు లేదు, ఫ్యాను లేదు, ఇంకో రెండు కిలోమీటర్లలో ఇంజన్ మరుగుతుంది. ఒక దీపం రెండు కబుర్లు చెప్పేది.

నా బండి చూసిన మేస్త్రీ విజయవాడ ఆటోనగర్‌లో ఉండేవాడు. లారీకి బాడీ కట్టడం దగ్గర్నుంచి వాషర్ అమ్మడం దాకా అన్ని పనులూ జరిగే ఆ ఊళ్లాంటి పేటలో, రేకుల షెడ్డు, ముందు ఒక వేపచెట్టు, అంతే ఆయన ఆస్తి. ఆయనకో పద్ధతి ఉండేది. రేడియేటర్‌లో గానీ పంపులో గానీ చెయ్యి పెట్టాడంటే ఆ రోజు బండి ఇచ్చేవాడు కాదు.

"బాబుగారూ, రేపు పొద్దున రండి. ఇవాళ దాన్ని నీళ్లు తాగనివ్వండి" అనేవాడు.

పని అయిపోయింది గదా, ఇంకా ఎందుకని నాకు విసుగు. ఆయన లెక్కలో స్పానర్ కింద పెట్టాక సగం పని మిగిలి ఉండేది. రేడియేటర్ మూత తీసి ఉంచి, చెంబుతో సన్నటి ధారగా నీళ్లు పోసేవాడు. బకెట్టెత్తి గుమ్మరించబోయిన కుర్రాడికి మొట్టికాయ పడేది. నిండినట్టు కనిపించాక పై హోసుని పిడికిట్లో పట్టుకుని పిసికేవాడు. బుడబుడమని గాలి పైకొచ్చి నీళ్ల మట్టం దిగేది. మళ్లీ పోసేవాడు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా ఊరికే తిరగనిచ్చి, రేడియేటర్ నోట్లోకి చూస్తూ నిలబడేవాడు. చాలాసేపు నీళ్లలో చలనం ఉండదు. లోపల థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకున్న క్షణాన నీళ్లు ఒక్కసారిగా పారడం మొదలుపెడతాయి, మట్టం గభాలున పడిపోతుంది. ఆ క్షణం తప్పిపోకూడదని బీడీ కూడా ఆర్పేసేవాడు. అది చూశాక మళ్లీ నీళ్లు పోసి, మూత బిగించి, ఇబ్రహీంపట్నం దాకా తోలుకుపోయి వచ్చేవాడు.

అప్పటికీ బండి మన చేతికి రాదు. రాత్రంతా షెడ్డులో చల్లారాలి. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, మూత తీసి వేలు పెట్టి చూసేవాడు. నీళ్లు వేలికి తగిలితే బండి నాది. తగలకపోతే ఎటో పోతున్నాయన్నమాట, బండి ఇంకా ఆయనదే.

కొత్త థర్మోస్టాట్ తెస్తే పెట్టెలోంచి తీసి నేరుగా బిగించడం కూడా ఆయన ఎరగడు. దానికి దారం కట్టి, పక్కనున్న టీ కొట్టులో పొయ్యి మీద కాగుతున్న నీళ్లలో వేలాడదీసేవాడు. టీ కొట్టాయన లబలబలాడేవాడు. వాల్వ్ మాత్రం ఆ గిన్నెలో మెల్లగా నోరు తెరవాలి, తీసి చల్లటి నీళ్లలో వేస్తే మూసుకోవాలి. ఆ పరీక్ష నెగ్గితేనే ఇంజన్‌లోకి ప్రవేశం. కొత్తవాటిలో కూడా తెరుచుకోనివి వస్తాయని ఆయన అనుభవం. స్పేర్ పార్ట్స్ కొట్టువాడు కూడా ఊరికే వస్తువు ఇచ్చేవాడు కాదు. మొదటి ప్రశ్న, "పాతది తెచ్చారా?" పాతదీ కొత్తదీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అంచు మీద చెక్కిన డిగ్రీలు చదివి, రంధ్రాలు సరిచూసి ఇచ్చేవాడు. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో చూసి నొక్కడమే. ఇంటికొచ్చాక చూస్తే అంతా సరిపోతుంది, ఒక్క అంచు వెడల్పు తప్ప.

ఇప్పటి పిల్లలు చేతకానివాళ్లని నేననను. ఆ మాట అనేవాళ్లంటే నాకు మంట. లక్షల జీతం తెచ్చుకుంటూ, ఆదివారం పూట సెల్లార్‌లో చాప వేసుకుని బండి కింద దూరే కుర్రాణ్ణి చూస్తే నా కడుపు నిండుతుంది. నా పేచీ ఒక్కటే. వాళ్లు పని నేర్చుకునేది వీడియోలో. వీడియో ఆఖరి నట్టు బిగించడంతో అయిపోతుంది. చేతులు తుడుచుకుని, బొటనవేలు పైకెత్తి చూపించి, సంగీతం. ఆ తర్వాత నీళ్లు తాగించడం, వేడెక్కనివ్వడం, చల్లారనివ్వడం, పొద్దున్నే వేలు పెట్టి చూడడం, ఇవన్నీ చూపిస్తే ఎవరు చూస్తారు? కాబట్టి అవి లేవు. వీడియోలో లేనిది వీళ్ల పనిలో కూడా లేదు.

మా మేనల్లుడిదీ ఇదే కథ. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక చిన్న కారు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. ఫోన్ చేశాడు.

"మావయ్యా, థర్మోస్టాట్ నేనే మార్చాను. ఇప్పుడు ట్రాఫిక్‌లో హీటవుతోంది."

"మార్చకముందు అయ్యేదా?"

"లేదు. అప్పుడు దాని ప్యాకింగ్ దగ్గర కూలెంట్ కారేది, అంతే."

"మార్చాక ఏం చేశావురా?"

"టెంపరేచర్ సెన్సర్ మార్చాను. మూత మార్చాను. ఫ్యాన్ రిలే మార్చాను. ఇంక రేడియేటరే అనుకుంటా. ఆర్డర్ పెట్టేయనా?"

చూశారా! ముందు లేని జబ్బు మందు వేశాక వస్తే వైద్యుణ్ణి అనుమానించాలి గానీ రోగి ఊపిరితిత్తులు మార్చేస్తామా? ఆఖరుసారి చెయ్యి పెట్టింది ఎక్కడో అక్కణ్ణుంచి వెతకడం మొదలెట్టాలన్నది మా మేస్త్రీ షెడ్డులో చేరిన కుర్రాడు మొదటి వారంలోనే నేర్చుకునేవాడు. వీడు ఆ ఒక్క చోటు వదిలేసి బండి చుట్టూ తిరిగి డబ్బు తగలేశాడు.

"పాత కూలెంట్ ఎంత దిగింది?" అని అడిగాను.

దానికి మాత్రం జవాబు సిద్ధంగా ఉంది. లెక్కల మనిషి గదా. టబ్బులో పట్టి కొలిచాడట, నాలుగు లీటర్ల పైన దిగింది.

"కొత్తది ఎంత పట్టింది?"

"మూడు లీటర్లకే నిండిపోయింది. ఇంకో లీటరు మిగిలిపోయింది కూడా."

అదిగో. దిగిన చోటుకి ఎక్కనిది ఎక్కడుంది? ఆ లీటరు చోటంతా లోపల గాలి కూర్చుని ఉంది. మేస్త్రీలు దీన్నే ఎయిర్ లాక్ అంటారు. నీళ్లు పోసే మార్గం కంటే ఇంజన్‌లో కొన్ని చోట్లు ఎత్తులో ఉంటాయి. ముఖ్యంగా డ్యాష్‌బోర్డు వెనక హీటర్ గొట్టాలు. గాలి అక్కడికి ఎక్కి బైఠాయిస్తుంది. థర్మోస్టాట్ మూసుకుని ఉన్నంతసేపూ అది బయటపడే తోవ దాదాపు ఉండదు. థర్మోస్టాట్ తెరుచుకోవాలంటే దాని కడుపులో ఉన్న మైనానికి వేడి నీళ్లు తగలాలి. 82 అనో 88 అనో అంచు మీద ఉన్న డిగ్రీలకి మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది. మైనం చుట్టూ నీళ్లకి బదులు గాలి ఉంటే ఆ వేడి దానికి సరిగా అందదు. ఇంజన్ తలకాయ కాగిపోతున్నా వాల్వ్ నిమ్మకు నీరెత్తినట్టు మూసుకునే ఉంటుంది. టెంపరేచర్ సెన్సర్ కూడా ఆ గాలిబుడగలోనే ఉందనుకోండి, అదీ తక్కువే చెబుతుంది, ఫ్యాను తిరగదు. అందరూ కలిసి ఫ్యాను చెడిపోయిందని తీర్మానిస్తారు.

ఫోన్‌లోనే మూడు పనులు చేయించాను. ఇంజన్ వేడెక్కాక హీటర్ ఫుల్లుగా పెట్టమన్నాను. చల్లగాలి వస్తోందన్నాడు. ఇంజన్ మరుగుతుంటే హీటర్‌లో చల్లగాలి రావడమేమిటి? వేడి నీళ్లు అక్కడిదాకా పోవడం లేదన్నమాట. డ్యాష్‌బోర్డు దగ్గర చెవి పెట్టమన్నాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా గుడగుడలాడుతోందన్నాడు. ఇంజన్ ఆపించి రేడియేటర్ హోసులు తాకి చూడమన్నాను. పైది వేడి, కిందిది చల్లగా ఉందన్నాడు. ఇంకేం కావాలి? ఇన్ని వేల రూపాయల సెన్సర్లూ రిలేలూ చెప్పని మాట రెండు రబ్బరు గొట్టాలు చెప్పాయి.

హోసులు తాకేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాను, మీకూ చెబుతున్నా. అంబాసిడర్ ఫ్యాను ఇంజన్‌తో పాటే తిరిగేది, ఇంజన్‌తో పాటే ఆగేది. దానికి దాపరికం లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కరెంటు ఫ్యాను సంగతి మనవాళ్లకి బాగా తెలిసింది. ఇవాళ చాలా బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను తనకి తోచినప్పుడు గిర్రున లేస్తుంది. వేళ్లు అక్కడ పెట్టుకుని ఆలోచించకండి.

తర్వాతి ఆదివారం హైదరాబాదు వెళ్లాను. మా చెల్లెలు వంట చేస్తూ, "అన్నయ్యా, వాడికి ఆ బండి పిచ్చి మాన్పించమంటే నువ్వూ చాప తెచ్చుకున్నావా?" అంది. చల్లారిన బండిలో థర్మోస్టాట్ విప్పించాను. అసలు దొంగ అక్కడ దొరికాడు. థర్మోస్టాట్ అంచులో ఒక చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే పిన్ను ఉంటుంది. వేలితో కదిపితే లుకలుకలాడుతుంది. చూసినవాడికి అది తయారీ లోపంలా కనిపిస్తుంది. నిజానికి వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు గాలి తప్పించుకోవడానికి కంపెనీవాడు ఉంచిన సందు అది. ఆ పిన్ను పైకి ఉండేలా బిగించాలి, ఎందుకంటే గాలి పైకే చేరుతుంది. మావాడు దాన్ని కిందకి పెట్టాడు. వీడియో తీసినవాడి చెయ్యి అడ్డమొచ్చి ఆ పిన్ను కనబడలేదట. నయం, వాల్వ్‌నే తిరగేసి బిగించలేదు. మైనం ఉన్న వైపు ఇంజన్ వేపు ఉండాలి. అటూ ఇటూ అయితే వేడి తగలక అసలే తెరుచుకోదు. అలా బిగించినవాళ్లనీ చూశాను.

ప్యాకింగ్ దగ్గర సిలికాన్ కూడా దండిగా పూశాడు. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపలికి పొంగింది ఊడిపోయి ఏ సన్నగొట్టంలోనో అడ్డం పడుతుంది. మా మేస్త్రీ షెల్లాక్ పూస్తే వేలి కొనతో పలచగా, పూశాడా లేదా అన్నట్టుండేది. హోసు క్లిప్పుల సంగతీ అంతే. కంపెనీ ఇచ్చిన స్ప్రింగు క్లిప్పు తీయడం కష్టమని దాన్ని పారేసి, స్క్రూ క్లిప్పు పెట్టి బలం కొద్దీ బిగించాడు. ఇత్తడి రేడియేటర్ మెడకి అది చెల్లింది. ఇప్పటి మెడ ప్లాస్టిక్. వేడికి ఉబ్బుతుంది, చల్లారితే తగ్గుతుంది. స్ప్రింగు క్లిప్పు దానితో పాటు సర్దుకుంటుంది. స్క్రూ క్లిప్పు సర్దుకోదు, అతిగా బిగిస్తే మెడ చిట్లుతుంది.

అన్నీ సరిచేశాక నీళ్లు తాగించే కార్యక్రమం. బ్లీడ్ స్క్రూ ఉన్న బండ్లలో అది వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా చూస్తే చాలు. వీడి బండికి అది లేదు. సెల్లార్ ర్యాంపు మీద బండి ముక్కు పైకి ఉండేలా ఆపించాను. అలా ఆపితే రేడియేటర్ నోరే అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది, గాలి అటే వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టించాను. ర్యాంపుకి అడ్డంగా బండి పెట్టారని వాచ్‌మన్ గొడవ. అసోసియేషన్ గ్రూపులో ఫొటో కూడా పెట్టారట, పెట్టుకోనీ. హీటర్ ఫుల్లు, మూత తీసి, సన్నటి ధార, హోసు పిసకడం, ఊరికే తిరగనివ్వడం. బుడగలు వచ్చాయి, ఆగాయి, మళ్లీ వచ్చాయి. మావాడు పది నిమిషాలకోసారి "అయిపోయిందా మావయ్యా" అంటాడు. ఒక్కసారిగా మట్టం పడింది. వాడి మొహం చూడాలి! మిగిలిపోయిందన్న కూలెంట్‌లో ముప్పాతిక భాగం లోపలికి పోయింది. హీటర్‌లో వేడిగాలి కొట్టింది, కింది హోసు వేడెక్కింది, కాసేపటికి ఫ్యాను తనంతట తనే లేచి ఆగింది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద చూస్తే ఇంకాస్త తగ్గింది. పోశాం. మూడో రోజు తగ్గలేదు. అనవసరంగా విప్పేసిన సెన్సరూ రిలే అటక మీద ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

బుడగలు ఆగకపోతే? అది వేరే కథ. గాలి చిక్కుకున్న బండిలో బుడగలు కాసేపు వచ్చి తగ్గిపోతాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం నుంచే మొదలై, ఎంతసేపటికీ ఆగకుండా వస్తుంటే అది సిలిండర్లో మండిన వాయువు నీళ్లలోకి తోసుకొస్తున్నట్టు. హెడ్ గాస్కెట్ కొట్టేసిందని అర్థం. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే నల్లగా ఉండాల్సింది పాలు పోసిన టీ రంగులో ఉన్నా, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తున్నా అదే అనుమానం. అక్కడ చాప చుట్టేసి షెడ్డుకి పంపించడం మంచిది. ఒకసారి బాగా మరిగిన ఇంజన్‌కి ఈ అనుమానం తీర్చుకోకుండా కొత్త రేడియేటర్ బిగించడం డబ్బు మూసీలో వేయడమే.

కూలెంట్ గురించి కూడా నాకు కొంచెం కోపం ఉంది. మా రోజుల్లో నీళ్లే. కృష్ణ కాలువ నీళ్లయితే మేస్త్రీకి అభ్యంతరం లేదు, బోరు నీళ్లంటే ఒప్పుకునేవాడు కాదు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నం ఇంజన్ లోపల కూడా పేరుకుంటుంది మరి. ఇప్పుడు పచ్చది, గులాబీది, నీలంది, నారింజది. రంగు చూసి కొంటున్నారు. ఆ రంగుకి ఏ చట్టమూ లేదు, ఒక కంపెనీ పచ్చదీ ఇంకో కంపెనీ పచ్చదీ ఒకటే అనుకోవడానికి లేదు. పడని రెండు రకాలు కలిపితే లోపల జిగురుగా తయారై గొట్టాలు పూడుకుపోవచ్చు. బండి పుస్తకంలో ఏం రాశారో చదివి అదే పోయాలి. నీళ్లు కలిపి అమ్మేదీ ఉంటుంది, చిక్కటిదీ ఉంటుంది. ఖరీదైనది గదా అని చిక్కటిదాన్ని అలాగే పోసేవాళ్లున్నారు. వేడిని మోయడంలో నీళ్ల ముందు అది తీసికట్టే. సగానికి సగం శుద్ధమైన నీళ్లు కలిపితేనే దాని గొప్ప. అలా కలిపింది మూత లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు, మూత ఒత్తిడి మీద 125 దాటుతుంది. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి. సెల్లార్‌లో తిరిగే కుక్కలూ పిల్లులూ నాకుతాయి, మూత్రపిండాలు పోయి చస్తాయి.

మా రోజులు బంగారం, ఇప్పటివన్నీ ఇత్తడి అని కొట్టిపారేయడానికి నాకూ మనసొప్పదు. మా రోజుల్లో జరిగిన అఘాయిత్యాలు తక్కువేం కావు. ఎండదేశంలో థర్మోస్టాట్ ఎందుకని దాన్ని పీకి షెడ్డు వెనక పారేసిన మేస్త్రీలు బోలెడుమంది. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాక పెట్రోలు తాగేది. వాళ్ల బండి మరగలేదు గదా, అదే వాళ్ల రుజువు. మారుతి ఫ్యాను ఎప్పుడూ తిరగడం లేదని స్విచ్చిని పక్కకి తప్పించి "డైరెక్ట్ చేశాం సార్" అని గర్వంగా చెప్పిన షెడ్లు నేనెరుగుదును. రేడియేటర్ చెమరిస్తే పసుపు పొడి పోసేవాళ్లు లారీవాళ్లు. నిజమే, చిన్న కన్నం పూడుకునేది. దానితో పాటు సన్నగొట్టాలు కూడా నాలుగు పూడేవి. అప్పుడు పై ట్యాంకు ఊడదీసి, ఇనప పుల్లతో ఒక్కో గొట్టం పొడిచి, మళ్లీ మాటు వేసి అతికేవాళ్లు. ఆ పని చేసేవాడు ఇవాళ కనబడడు. అల్యూమినియం వల, ప్లాస్టిక్ ట్యాంకు, రెంటినీ నొక్కి బిగించిన అంచు. పోతే పారేసి కొత్తది కొనాల్సిందే.

తిరుమల కొండకి 1974లో రెండో ఘాట్ రోడ్డు రాకముందు ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఉన్నది ఒక్కటే దారి. మలుపు మలుపుకీ బానెట్ ఎత్తిన బండి ఒకటి, పక్కన నీళ్ల డబ్బాతో డ్రైవరు, ఆవిరి. తడి గోనెసంచి మూత మీద వేసి, ఒక మెలిక తిప్పి, ఆవిరి పోయేదాకా ఆగి, అప్పుడు రెండో మెలిక తిప్పేవాడు అనుభవమున్నవాడు. దర్శనానికి ఆలస్యమవుతోందని తొందరపెట్టిన సేఠ్ మాట విన్నవాడు చెయ్యీ మొహమూ కాల్చుకునేవాడు. ఒత్తిడి మీద 110 డిగ్రీల్లో కూడా నీళ్లలాగే ఉన్నది మూత లేచిన క్షణంలో ఆవిరై ఎగజిమ్ముతుంది. ఇప్పటి బండ్లు ఏసీ వేసుకుని నలుగురితో అదే కొండ ఎక్కేస్తున్నాయి. ఆ మాట ఒప్పుకుంటాను. అయితే కొత్త బండైనా వేడి మీద మూత తీస్తే కాల్చేది అంతే వేడిగా. గోనెసంచి విద్య కూడా మరిచిపోండి, చల్లారేదాకా ఆగడమే విద్య.

ఇక నా అసలు ఫిర్యాదు. అంబాసిడర్ డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపించే ముల్లు ఒకటుండేది. అది రోజూ ఎక్కడ నిలబడుతుందో మనకి తెలుసు. ఎండాకాలం ఇంకాస్త పైన, కొండ ఎక్కితే మరికాస్త. ఎప్పుడూ లేనిది వెంట్రుకవాసి జరిగినా కన్ను పట్టేసేది. ఇంజన్ మరగడానికి అరగంట ముందే ముల్లు చెప్పేది, మనం ఏ చెట్టు నీడో చూసుకునేవాళ్లం. తర్వాత తర్వాత ముల్లుకి కూడా నటన నేర్పారు. చాలా బండ్లలో 80 డిగ్రీలున్నా 100 ఉన్నా అది సరిగ్గా మధ్యలోనే నిలబడుతుంది. ముల్లు కదిలితే జనం కంగారుపడి సర్వీసు సెంటర్‌కి వస్తున్నారట! చివరికి అదీ పీకేసి రెండు దీపాలు పెట్టారు. చల్లగా ఉంటే నీలం, మరిగాక ఎరుపు. మధ్యలో జరిగేదంతా మనకి అనవసరం. ఎరుపు వెలిగేసరికి తప్పు జరిగిపోయి ఉంటుంది. కూలెంట్ మొత్తం కారిపోయి సెన్సర్ గాలిలో వేలాడుతుంటే ఆ ఎరుపు కూడా వెలగకపోవచ్చు.

ర్యాంపు మీద బండికి నీళ్లు తాగిస్తున్నప్పుడు మా మేనల్లుడు ఒక పని చేశాడు, అది మెచ్చుకోక తప్పదు. స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్టులో అగ్గిపెట్టె సైజు పరికరం ఒకటి గుచ్చి ఫోన్‌లో చూపించాడు. ఇంజన్ వేడి ఇన్ని డిగ్రీలని అంకెల్లో, క్షణక్షణం. 88 దగ్గర వాల్వ్ తెరుచుకోవడం, 97 దగ్గర ఫ్యాను లేవడం, 92కి దిగాక ఆగడం, అన్నీ కళ్లకి కట్టాయి. ఒక్కో బండికి ఈ అంకెలు వేరుగా ఉంటాయి, తమ బండికి ఎంతో మామూలు రోజున ఒకసారి చూసి రాసిపెట్టుకుంటే చాలు. మొన్న శ్రీశైలం బయల్దేరినప్పుడు కూడా ఆ ఫోన్ ముందు పెట్టుకునే వెళ్లాడు. మన్ననూరు దాటి నల్లమలలో పడ్డాక సిగ్నల్ సరిగా అందదు. ఫోన్ చేసి అడుగుదామన్నా మావయ్య దొరకడు. ఈగలపెంట ఘాట్‌లో కూడా అంకె వంద దాటలేదట.

అంటే ఆ అంకె బండి లోపల ఎప్పుడూ ఉంది. సెన్సర్ కొలుస్తూనే ఉంది, కంప్యూటర్ దాన్ని చూసే ఫ్యాను తిప్పుతోంది. డబ్బు పెట్టి కొన్న యజమానికి చూపించడానికే మనసు రాలేదు. కారు కంపెనీల పెద్దలకి నాదొక మనవి. పాట పాడింది ఎవరో, బయట వాన పడుతుందో లేదో, ఎవరి పుట్టినరోజో చూపించేటంత పెద్ద తెర పెట్టారు. అందులో ఒక మూల, చిన్న అక్షరాల్లోనైనా సరే, ఇంజన్ వేడి ఎన్ని డిగ్రీలో వేయండి. ముల్లు ఇవ్వకపోతే మానె, ఆ అంకె ఇవ్వండి.